ఓటు హక్కు ఎలా పెరిగింది? ఆర్టికల్ 326 దగ్గర పెట్టుకుని చూద్దాం

అందరికీ నమస్కారం. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ద్వారకానగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది రాజ్యాంగ సవరణల నంబర్లు: 61 దేనికి, 74 దేనికి అని. ఈ వీడియోలో నంబర్లతో పాటు ఇంకో ప్రశ్న వేసుకుందాం. ఒక్కో మార్పు వచ్చాక కూడా బయట మిగిలిపోయింది ఎవరు?

ముందు బ్రిటిష్ కాలం. 1919 భారత ప్రభుత్వ చట్టం కింద ఓటు రావాలంటే ఆస్తి ఉండాలి, లేదా పన్ను కడుతూ ఉండాలి. స్త్రీల సంగతి ఒక్కో ప్రావిన్సు (అప్పటి రాష్ట్రం) శాసన కౌన్సిల్‌కే వదిలేశారు. బ్రిటిష్ ఇండియాలో స్త్రీలకు మొదట ఓటు ఇచ్చింది మనమున్న మద్రాసు ప్రెసిడెన్సీయే, 1921లో. కానీ ఆస్తి షరతు అలాగే ఉంది. సొంత పేరు మీద భూమి ఉన్న ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఇప్పుడు స్క్రీన్ మీద మన రాజ్యాంగంలోని ఆర్టికల్ 326 చూడండి. ఇది 1950 నాటి పాఠం. 21 ఏళ్ళు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు. ఆస్తి ఊసు లేదు, చదువు ఊసు లేదు. 1951 జనగణన ప్రకారం అక్షరాస్యత 18 శాతం చిల్లర. అలాంటి దేశంలో ఈ వాక్యం రాశారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఫలితం మన విశాఖలోనే కనిపించింది. 1952లో ఇది ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే చోటి నుంచి ఇద్దరు ఎంపీలు. గెలిచిన ఇద్దరిలో ఒకరు లంకా సుందరం, రెండో ఆయన గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో పోరాడి జైలుకెళ్ళిన మనిషి, జనం ఓట్లతో పార్లమెంటులో కూర్చున్నారు.

మరి బయట మిగిలింది ఎవరు? మతం, జాతి, కులం, లింగం పేరుతో ఎవరినీ జాబితాలోంచి తప్పించకూడదని ఆర్టికల్ 325 చెబుతోంది. అయినా ఆ మొదటి జాబితా రాసేటప్పుడు చాలామంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పకుండా ‘ఫలానా ఆయన భార్య’, ‘ఫలానా అబ్బాయి తల్లి’ అని రాయించుకున్నారు. సొంత పేరు ఉండాల్సిందేనని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. చివరికి సుమారు 28 లక్షల మంది పేర్లు తీసేయాల్సి వచ్చింది. రాజ్యాంగం ఇచ్చిన ఓటు జాబితా దగ్గర ఆగిపోయింది. పరీక్షలో అడగకపోయినా ఇది మర్చిపోకండి.

తర్వాత 61వ సవరణ. 21 తీసి 18 పెట్టారు, 1989 మార్చి 28 నుంచి అమలు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి 326 మళ్ళీ చదవండి. వయసు రాజ్యాంగంలోనే ఉంది, కానీ ఏ తేదీకి ఆ వయసు నిండాలన్నది మామూలు చట్టానికి వదిలేశారు. ఆ చట్టం చాలా ఏళ్ళు జనవరి 1 ఒక్కటే పెట్టింది. జనవరి 2న పుట్టిన అమ్మాయి 18 నిండాక కూడా దాదాపు ఏడాది ఆగాల్సిందే. 2021లో చట్టం మార్చి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ పెట్టారు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఈ తేడా పట్టుకుంటే సగం పాఠం వచ్చేసినట్టే.

73, 74 సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఐదేళ్ళకోసారి ఎన్నికలు, మహిళలకు కనీసం మూడో వంతు సీట్లు. కాగితం మీద గట్టిగానే ఉంది. మన జీవీఎంసీకి (విశాఖ నగర కార్పొరేషన్‌కి) మాత్రం 2007 తర్వాత ఎన్నిక జరిగింది 2021లోనే. ఒక తరం కుర్రాళ్ళు కార్పొరేటర్‌కి ఓటు వేయకుండానే పెద్దవాళ్ళయ్యారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్ళలో ఉంటున్నవాళ్ళు సొంతూరులో గానీ ఇక్కడ గానీ, ఒక్కచోటే పేరు పెట్టించుకోవచ్చు. కొత్త ఓటుకి ఫారం 6, అడ్రస్ మారితే ఫారం 8. 17 నిండితే ముందే అప్లై చేసుకోవచ్చు. పెట్టాక వదిలేయకండి, జాబితా వచ్చినప్పుడు మీ పేరు, ఇంటిపేరు, వయసు మీరే స్వయంగా చూసుకోండి.