పబ్లిక్ హెల్త్‌లో పీహెచ్‌డీ: దరఖాస్తు కన్నా ముందు ప్రశ్న

అందరికీ నమస్కారం.

ఆదివారం మధ్యాహ్నం ఇంత ఎండలో చెన్నై టి.నగర్ దాకా వచ్చారు, చాలా సంతోషం. మీలో బీడీఎస్ చేసినవాళ్లు, ఫార్మ్‌డీ వాళ్లు, నర్సింగ్ వాళ్లు, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు, ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) చివరి సెమిస్టర్లో ఉన్నవాళ్లు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. కొందరు అమ్మానాన్నలు కూడా కనబడుతున్నారు. వాళ్లు రావడం మంచిదైంది. డబ్బు సంగతి, వయసు సంగతి వాళ్ల ముందే మాట్లాడుకోవచ్చు.

నన్ను కలిసే పిల్లలు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "మేడమ్, పబ్లిక్ హెల్త్ పీహెచ్‌డీకి ఏ యూనివర్సిటీ మంచిది?" దీనికి నేను వెంటనే జవాబు చెప్పను. మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో చెప్పండి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో మాట్లాడదాం అంటాను. ఇవాళ కూడా అదే వరసలో వెళ్తాను. ముందు ప్రశ్న, తర్వాత గైడ్, ఆ తర్వాత యూనివర్సిటీ. మన పిల్లల్లో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. అందుకే మంచి మార్కులున్నవాళ్లు కూడా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దగ్గరే తడబడుతున్నారు.

ప్రశ్న ఎలా ఉండాలో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. 1956లో ఈ ఊళ్లోనే, చెట్‌పేట్‌లో, క్షయ చికిత్స మీద ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఆర్‌టీ (జాతీయ క్షయ పరిశోధన సంస్థ) అంటున్నాం. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మద్రాస్ ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టిన కేంద్రం అది. అప్పట్లో టీబీ అంటే శానటోరియమే, అంటే టీబీ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రే. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. కానీ ఉన్న రోగులకూ ఉన్న మంచాలకూ పొంతనే లేదు. అప్పుడు వాళ్లు వేసుకున్న ప్రశ్న ఇది: ఇరుకు ఇంట్లో, అరకొర తిండితో ఉండే పేద రోగికి ఇంటి దగ్గరే మందులిస్తే శానటోరియంలో ఉన్నవాళ్లలాగే నయమవుతుందా? ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకుంటుందా? 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండు చోట్లా నయం కావడంలో పెద్ద తేడా లేదు. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల కుటుంబానికి అదనపు ముప్పూ కనబడలేదు. లోకంలో టీబీ వైద్యం శానటోరియం గోడలు దాటి ఇంటికి రావడానికి మద్రాసులో జరిగిన ఆ పని పెద్ద కారణం.

ఆ ప్రశ్నను ఇంకోసారి చూడండి. ఎవరి గురించో అందులో ఉంది. దేనితో పోలుస్తున్నారో ఉంది. ఏం కొలుస్తారో ఉంది. జవాబు ఎటు వచ్చినా ఆ మర్నాడు ఎవరో ఒకరు ఒక నిర్ణయం తీసుకోగలరు. నా దృష్టిలో పబ్లిక్ హెల్త్ పరిశోధనకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఈ చివరిదే. జవాబు కోసం ఎవరూ ఎదురుచూడని ప్రశ్న మీద నాలుగైదేళ్లు ఖర్చు పెట్టకండి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మౌలివాక్కం గుర్తుందా? 2014 జూన్‌లో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కూలీలు. ఈ నగరాన్ని కడుతున్న చేతుల్లో మనవాళ్లవి ఎన్నో ఉన్నాయని చాలామందికి ఆ రోజే తెలిసింది. ఇక్కడ చదువుకుంటున్న ఒక అమ్మాయి ఈ కూలీల గురించి పీహెచ్‌డీ చేయాలనుకుందనుకోండి. మొదట ఏం రాస్తుంది? "వలస కార్మికుల ఆరోగ్య సమస్యలు: ఒక అధ్యయనం." మనసు మంచిదే, కానీ ఇందులో ప్రశ్న లేదు. దీంతో ఇంటర్వ్యూకి వెళ్తే "ఏ సమస్యలు? ఎవరితో పోల్చి? ఎందుకు?" అని అడుగుతారు. టెన్షన్ మొదలవుతుంది.

ఆమెను కూర్చోబెట్టి మాట్లాడదాం. ఏ జబ్బు? టీబీ అంటుంది. ఎందుకు టీబీ? మామూలు టీబీకి మందులు ఆరు నెలలు వాడాలి, కానీ ఒక సైట్‌లో పని ఆరు నెలలు ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి. ఇదిగో, దారి దొరికింది. చెన్నైలో మందులు మొదలుపెట్టిన కూలీ కోర్సు పూర్తికాకుండానే ఊరికి వెళ్లిపోతే, అక్కడ అతనికి మందులు అందుతున్నాయా? మధ్యలో ఎన్ని రోజులు ఖాళీ పడుతోంది? ఖాళీ పడనివాళ్లకు కలిసొచ్చింది ఏమిటి: ఊళ్లో ఆశా కార్యకర్తా, భార్యా, మేస్త్రీనా? టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో రోగిని ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బదిలీ చేసే వీలుంది. కంప్యూటర్లో బదిలీ అయిన రోజుకూ మనిషి చేతికి మాత్ర అందిన రోజుకూ ఎంత దూరం ఉందన్నది కొలవదగ్గ విషయం. జవాబు దొరికితే రెండు రాష్ట్రాల టీబీ అధికారులకూ పనికొస్తుంది.

పైగా ఈ పని చేయడానికి ఆమెకున్న అర్హత ఇంకెవరికీ అంత సులువుగా రాదు. సైట్ దగ్గర షెడ్లలో తెలుగులో మాట్లాడగలదు, ఇక్కడి ఆఫీసులో తమిళంలో మాట్లాడగలదు. చెన్నై తెలుగువాళ్లు దీన్ని దరఖాస్తులో రాయడమే లేదు! "భాషలు: తెలుగు, తమిళం, ఇంగ్లీషు" అని బయోడేటా అడుగున ఒక వరసలో పెట్టి వదిలేస్తారు. ఫీల్డ్‌వర్క్ తెలిసిన ఏ ప్రొఫెసరైనా దాని విలువ గుర్తిస్తారు. ఎస్‌ఓపీలో, అంటే ఎందుకు చేరాలనుకుంటున్నారో మీరు రాసే పేజీలో, మీ ప్రశ్న పక్కనే అది ఉండాలి.

ప్రశ్న మరీ పెద్దదైనా ఇబ్బందే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బుకు కారణం కనిపెడతాను అని రాసేవాళ్లున్నారు. కవిటి, సోంపేట, పలాస వైపు ఇళ్లల్లో ఉన్న బాధ చూస్తే అలా రాయాలనిపించడం సహజం. కానీ ఎన్నో బృందాలు ఏళ్ల తరబడి పనిచేసినా పూర్తిగా తేలని విషయం అది. ఒక్క మనిషి థీసిస్‌లో తేలదు. అదే ఉద్దానంలో, డయాలసిస్ ఊరికి దగ్గరగా వచ్చాక మధ్యలో మానేసేవాళ్లు తగ్గారా, ఇంటి ఖర్చు ఎంత మారింది అని అడగండి. అది మీ చేతిలో పని.

ఇంకో భయం కూడా పోగొట్టాలి. అనుకున్న జవాబు రాకపోతే పీహెచ్‌డీ పోతుందేమో అని అడుగుతుంటారు. పోరూరులోని శ్రీరామచంద్ర సంస్థవాళ్లు పాలుపంచుకున్న హేపిన్ అనే పెద్ద అధ్యయనం ఉంది. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో కలిపి 3,200 మంది గర్భిణుల మీద జరిగింది. కట్టెల పొయ్యి మాన్పించి గ్యాస్ ఇస్తే పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా అన్నది ప్రశ్న. పొగ బాగా తగ్గింది, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితాన్ని 2022లో ప్రపంచంలోని పెద్ద వైద్య పత్రికల్లో ఒకటి ప్రచురించింది. ప్రశ్న గట్టిదైతే "లేదు" అన్న జవాబుకూ విలువ ఉంటుంది.

ఇక గైడ్. పెళ్లి సంబంధం చూసినంత జాగ్రత్తగా చూడాలంటాను నేను, అతిశయోక్తి ఏమీ లేదు. ఆయనో ఆమో ఈ మధ్య రాసిన పేపర్లు రెండు మూడు పూర్తిగా చదవండి. తర్వాత చిన్న మెయిల్ రాయండి: మీరెవరు, మీ ప్రశ్న ఏమిటి, వాళ్ల పనిలో ఏ భాగంతో అది కలుస్తుంది. పది వాక్యాలు చాలు. ఒకే మెయిల్ యాభై మందికి పంపితే అవతలివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ గైడ్ దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్లతో మాట్లాడండి. ఎన్ని నెలలకోసారి చాప్టర్ చూస్తారు, పేపర్లో మొదటి పేరు ఎవరిది పెడతారు అని మొహమాటం లేకుండా అడగండి. మన దేశంలో ఇంకో లెక్క కూడా ఉంది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు మాత్రమే ఉండవచ్చు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపే ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. మీకు నచ్చిన గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కుంటే ఒక ఏడాది మిగులుతుంది.

సంస్థల పేర్లు త్వరగా చెప్పేస్తాను. చెన్నైలో అయపాక్కం ఎన్‌ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ; ఎపిడెమియాలజీ అంటే జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చదవడం), చెట్‌పేట్ ఎన్‌ఐఆర్‌టీ. బెంగళూరులో నిమ్హాన్స్ ఎపిడెమియాలజీ విభాగం. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మీనన్ సెంటర్. పోషకాహారం మీద అయితే హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ). ఆరోగ్యాన్ని సమాజం వైపు నుంచి చూడాలనుకుంటే ఢిల్లీ జేఎన్‌యూ, ముంబై టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ).

నిబంధనల్లో తెలియాల్సినవి కొన్ని. ప్రస్తుతం నడుస్తున్నవి 2022 నవంబర్ నాటి యూజీసీ నిబంధనలు. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు పూర్తి చేయాలి. స్త్రీలకు అదనంగా రెండేళ్లు, ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు ఉన్నాయి. పెళ్లయితే చదువు ఆగిపోతుందని భయపడే అమ్మాయిలు, వాళ్ల అమ్మలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు పైఅధికారుల నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. 2024 నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతో పీహెచ్‌డీలో చేరే వీలు వచ్చింది. ఇలా చేరేవాళ్లకు నెట్‌కు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. నెట్‌లో సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ అని మన సబ్జెక్టే ఉంది, చాలామందికి తెలియదు. నెట్ ద్వారా ఇచ్చే జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. చదువుకుంటూనే బతకవచ్చు.

ఒక్క హెచ్చరిక. థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చవ్వాలన్న షరతు 2022 నిబంధనల్లో తీసేశారు. అయినా పదివేలు కడితే వారంలో పేపర్ వేస్తామని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతూనే ఉన్నాయి. కొన్ని సంస్థలు తమ సొంత నియమంగా పేపర్ అడగవచ్చు, అది వేరే సంగతి. డబ్బు కట్టి వేయించుకున్న పేపర్ మీ పేరు మీద శాశ్వతంగా ఉండిపోతుంది. ఆన్‌లైన్ పీహెచ్‌డీ ప్రకటనలూ అంతే, వాటికి గుర్తింపు లేదని యూజీసీయే 2022లో చెప్పింది.

విదేశాల గురించి. అమెరికాలో చాలా స్కూళ్లకు సోఫాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా దరఖాస్తు చేస్తారు. డిసెంబర్ మొదట్లోనే చాలావాటి గడువు ముగుస్తుంది. అక్కడ మొదటి రెండేళ్లు కోర్సులు, ఒక పెద్ద పరీక్ష, ఆ తర్వాత థీసిస్. బ్రిటన్‌లో మొదటి రోజే ప్రతిపాదన చేతిలో ఉండాలి, గైడ్ ముందే ఒప్పుకోవాలి. స్వీడన్, నార్వేల్లో పీహెచ్‌డీ అంటే జీతమున్న ఉద్యోగం, ఖాళీ పడినప్పుడు ప్రకటన ఇస్తారు. డీఆర్‌పీహెచ్ (డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అని ఇంకోటి ఉంది, అది ఆరోగ్య వ్యవస్థలను నడిపేవాళ్ల కోసం. చాలాచోట్ల దానికి ఫీజు మీరే కట్టాలి. తల్లిదండ్రులకు నా మనవి: పీహెచ్‌డీ కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి. ఫండింగ్ లేకుండా అడ్మిషన్ మాత్రమే వస్తే ఒక ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించడం మేలు. ఈలోపు ఏదైనా ప్రాజెక్టులో పని దొరికితే దరఖాస్తు ఇంకా బలపడుతుంది.

కాగితాల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో చివర. మూడూ ఒకేలా లేకపోతే ఇప్పుడే సరిచేయించుకోండి. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌కు మారింది. మీ మార్కుల జాబితా మీద ఒక పేరు, డిగ్రీ మీద ఇంకో పేరు ఉంటే రెండూ ఒకే సంస్థ అని వివరించే ఉత్తరం తీసుకోండి. తెలంగాణలో చదివినా, రాష్ట్ర విభజనకు ముందు చేరినవాళ్ల ట్రాన్‌స్క్రిప్ట్‌లు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల అధికారిక పత్రాలు) వరంగల్ కాళోజీ వర్సిటీ దగ్గర దొరక్కపోవచ్చు, విజయవాడకే వెళ్లాల్సి రావచ్చు. ఈ ట్రాన్‌స్క్రిప్ట్ సీలు వేసిన కవరులో యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలని కొన్నిచోట్ల అడుగుతారు, దానికి నెలలు పట్టవచ్చు. డిసెంబర్ గడువుకు జూన్‌లోనే మొదలుపెట్టండి.

రికమెండేషన్ లెటర్ల విషయంలో మన అలవాటు మార్చుకోవాలి. "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అంటారు సార్లు. వద్దని మర్యాదగా చెప్పండి. మీ ఎంపీహెచ్ ప్రాజెక్టు, మీరు చేసిన తప్పొప్పుల లెక్క, ఫీల్డ్‌లో మీరు ఎలా పనిచేశారో గుర్తుచేసే ఒక పేజీ వాళ్లకు ఇవ్వండి. పెద్ద పదవిలో ఉండి మీ పేరు కూడా సరిగా తెలియని డీన్ కన్నా, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) మీతో సర్వే చేయించిన మెడికల్ ఆఫీసర్ రాసే లెటరే బలంగా ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఎవరైనా తమ ప్రశ్నను కాగితం మీద రాసుకొచ్చి ఉంటే ముందు వరసలోకి రండి. సగమే రాసుకున్నా పర్వాలేదు, ఒక్కొక్కటీ తీసుకుని అందరం కలిసి చూద్దాం.