ఇంటికి పోయి ఏమని చెప్తావు?

(తిరుపతిలో నర్సింగ్ విద్యార్థులకు ఒక రిటైర్డ్ నర్సు ఇచ్చిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ మేడమ్‌కు, ట్యూటర్లకు నమస్కారం. పిల్లలూ, రోగి తరఫున నర్సు ఎలా నిలబడాలో చెప్పమన్నారు. నేను నిలబడని రోజు గురించి ముందు చెప్తాను.

అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. పలమనేరు వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది, ముప్పై దాటి ఉంటాయి. తెల్లారితే ఆపరేషన్. రాత్రి కన్సెంట్ ఫారం, అంటే ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నానని సంతకం చేసే కాగితం, తీసుకుని వెళ్లాను. భర్త సంతకం అప్పటికే ఉంది. ఆమె వేలిముద్ర వేసి, బొటనవేలికంటిన ఊదారంగును కొంగుకు తుడుచుకుంటూ, "గడ్డ తీసేస్తే నొప్పి పోతాది కదా సిస్టరమ్మా" అంది. ఫారంలో ఉన్నది గర్భసంచి తీయడం. నేను చదివాను. "పోతుందిలేమ్మా" అని ఫైలు మూశాను. ఐదో రోజు డ్రెస్సింగ్ చేస్తుంటే అడిగింది, "మళ్లా నెల ఎప్పుడొస్తాది?" అని.

ఆపరేషన్ అవసరమైనదే, బాగానే చేశారు కూడా. డాక్టరు భర్తకు చెప్పాడు, భర్త ఆమెకు సగం చెప్పాడు, ఆ సగం దగ్గరే నేనూ ఊరుకున్నాను.

కోర్టు దాకా వెళ్లిన కేసులూ ఉన్నాయి. ఢిల్లీలో ఒకావిడ లాపరోస్కోపీ పరీక్షకు, అంటే పొట్టలోకి సన్నని కెమెరా గొట్టం పెట్టి చూడటానికి, మాత్రమే ఒప్పుకుంది. మత్తులో ఉండగా తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజరైన మనిషికి ప్రాణాపాయం లేనప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. మన వార్డుల్లో మాత్రం ఇప్పటికీ "ఇంటాయన సంతకం అయిందా?" అనే అడుగుతాం.

అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో రాసుకున్న నియమావళిలో డాక్టరు ఆదేశాలను విధేయంగా అమలుచేయడం నర్సు బాధ్యత అని ఉండేది. 1973లో దాన్ని మార్చి, మొదటి బాధ్యత రోగి పట్లేనని రాశారు. మా సీనియర్లు మాత్రం మాకు 1953నే నేర్పారు!

ఇక పని సంగతి. "అర్థమైందా?" అని అడగకండి. డాక్టర్ల ముందు ఎవరైనా తలూపుతారు. "ఇంటికి పోయి మీ అత్తకు ఏమని చెప్తావమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేదాంట్లోనే ఏది తప్పిపోయిందో తెలిసిపోతుంది. వివరించాల్సింది డాక్టరే, ఆ పని మీ నెత్తిన వేసుకోవద్దు. "సార్, 14వ బెడ్ ఆమెకు గర్భసంచి తీస్తారని తెలియదు, థియేటర్‌కు పంపే ముందు ఒకసారి మాట్లాడండి" అంటే చాలు. విసుక్కుంటే విసుక్కోనీండి. చెప్పిన టైముతో సహా కేస్ షీట్‌లో రాయండి. నైట్ డ్యూటీలో వార్డంతటికీ ఇద్దరే ఉన్నప్పుడు ఇదంతా ఎలా కుదురుతుందని మీరు అడగొచ్చు. అన్నీ కుదరవు. ఆపరేషన్ ముందు రాత్రి, డిశ్చార్జి రోజు, ఈ రెండూ వదలకండి.

డిశ్చార్జి అంటే గుర్తొచ్చింది. ఒక షుగర్ పెద్దాయనకు "మూడు పూటలా భోజనానికి ముందు" అని మాత్రలు రాశారు. ఆయన పదకొండింటికి రాగి సంగటి, రాత్రికి మళ్లీ సంగటి, అంతే. మూడో మాత్ర ఎప్పుడు వేసుకుంటావు తాతా అని అడిగితే, "ఆ పొద్దు తిండి లేకపోయినా మింగేస్తాను" అన్నాడు. నేను డాక్టరుకు చెప్పాను, ఆయన వెంటనే మందు మార్చాడు. రెండు నిమిషాల పని.

మన తిరుపతిలో ఇంకో చిక్కుంది. కొండ దిగి వచ్చి పడిపోయినవాళ్లు, గుండు మీద గంధం ఆరకముందే స్ట్రెచర్ ఎక్కినవాళ్లు, తమిళమో కన్నడమో మరాఠీయో మాట్లాడతారు. పక్క బెడ్ బంధువును పిలిచి అనువదించమనడం మామూలైపోయింది. ఆడవాళ్ల జబ్బు గురించి ముక్కూముఖం తెలియని మగవాడి చేత అడిగిస్తారా? ఆ భాష వచ్చిన సిస్టర్ ఏ వార్డులో ఉన్నా పిలిపించండి.

సరే, ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. టేబుల్ మీద పేర్లు కొట్టేసిన పాత డిశ్చార్జి కాగితాలున్నాయి. ఒకరు పేషెంటు, ఒకరు సిస్టర్. పేషెంటు వేషం వేసేవాళ్లు చదువు రానట్టు కూర్చోవాలి, తెలివితేటలు చూపించకూడదు.