కస్తూరి లేని కస్తూరి ఎద్దు

శ్రోతలకు నమస్కారం.

మా గోదావరి వైపు ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికండీ’ అని పలకరిస్తే ‘వేటమాంసానికండీ’ అంటాడు. అలాగని ఏ అడవికీ వెళ్ళడు. వీధి చివర కొట్లో వేలాడదీసిన మేకపోతు దగ్గరికి వెళ్తాడు. వేట అంటే మా నోట్లో మేక కూడా. ఇవాళ నేను చెప్పబోయే వేట ఉత్తర ధ్రువం దగ్గరి మంచులో జరిగేది. విచిత్రమేమిటంటే, అక్కడ కొట్టే జంతువు కూడా మేకకి చుట్టమే.

పేరుకి మాత్రం ఎద్దు. ఇంగ్లీషు వాళ్ళు మస్క్ ఆక్స్ అన్నారు, అంటే కస్తూరి ఎద్దు. దానిలో కస్తూరి లేదు, అది ఎద్దూ కాదు. ఎదకాలంలో పోతుల ఒంటి నుంచి ఒక ఘాటు వాసన వస్తుంది, దాన్ని పట్టుకుని పెట్టిన పేరు అది. శాస్త్రజ్ఞులు చూసి గొర్రెలూ మేకలూ ఉండే కొమ్మలో చేర్చారు. అసలైన పేరు అక్కడి జనానిదే. గ్రీన్‌లాండ్‌లో ఉమిమ్మాక్ అంటారు, కెనడా ఇన్యుయిట్లు ఉమింగ్మాక్ అంటారు. గడ్డాలాయన అని దాని భావం. ఫొటో చూస్తే మీరూ ఒప్పుకుంటారు. గడ్డమే కాదు, ఒళ్ళంతా గడ్డమే. గిట్టలు తప్ప కాళ్ళు కనపడవు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను. మన దేశంలో 1972 చట్టం వచ్చాక సరదా వేటకి చోటే లేదు, అందుకు నాకు బెంగా లేదు. కానీ డబ్బు కట్టి, గైడుని పెట్టుకుని, మైనస్ ముప్ఫై చలిలోకి వేటకి వెళ్ళే మనుషుల సంగతి చదవడం నాకో పిచ్చి. ఎంత చదివినా ఒకటే తేలుతోంది: ఆ మొత్తం వ్యవహారంలో ట్రిగ్గరు నొక్కడం అన్నిటికన్నా చిన్న పని. ఆ చిన్న పనికే వచ్చినాయన డబ్బు కడతాడు.

గ్రీన్‌లాండ్ పశ్చిమాన కాంగెర్లుస్సువాక్ అని ఒక ఊరుంది. పెద్ద ఫియోర్డ్ అని అర్థం. ఫియోర్డ్ అంటే కొండల మధ్యనుంచి లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఇక్కడిది నూటయాభై కిలోమీటర్లు దాటి లోపలికి వస్తుంది. 1941లో, యుద్ధం రోజుల్లో, అమెరికన్లు ఇక్కడ విమానాల రన్‌వే వేశారు, 1992లో వెళ్ళిపోయారు. రన్‌వే మిగిలింది, దాని పక్కన ఐదారు వందల మంది ఊరు మిగిలింది. 2024 చివర్లో రాజధాని నూక్‌కి పెద్ద విమానాశ్రయం వచ్చేదాకా, డెన్మార్క్ నుంచి వచ్చే పెద్ద విమానం దిగేది ఇక్కడే.

ఈ గడ్డాలాయన కూడా ఇక్కడికి వలస వచ్చినవాడే. అతని సొంత ఊరు గ్రీన్‌లాండ్ ఈశాన్యం. 1962లోనూ 1965లోనూ అక్కడినుంచి మొత్తం 27 పశువుల్ని తెచ్చి కాంగెర్లుస్సువాక్ దగ్గర వదిలారు. ఇక్కడ మేత ఉంది, చలి పొడి చలి, తోడేళ్ళు లేవు. 27 కాస్తా వేలయ్యాయి. దాంతో 1980ల చివరినుంచి ఏటా ఇన్ని అని లెక్క కట్టి వేటకి అనుమతిస్తున్నారు. అంటే ఈ వేట మనం ఊహించుకునే ఆదిమ వేట కాదు. మనుషులే తెచ్చి వదిలి, మనుషులే లెక్కపెట్టి కొట్టుకుంటున్న మంద.

ఈ వేటకి చలికాలంలో వెళ్ళడం ఎందుకు? బొచ్చు కోసం. చలికాలం ముగిసే వేళకి పొడుగు వెంట్రుకలు నిండుగా ఉంటాయి. వాటి కింద కివియూట్ అనే మెత్తటి ఉన్ని ఉంటుంది, గొర్రె ఉన్ని దాని ముందు దిగదుడుపే. వేసవి మొదట్లో ఆ ఉన్ని ఊడి పొదలకి పట్టుకుని వేలాడుతుంటే ఏరుకుని వడుకుతారు. చలికాలానికి ఇంకో కారణం దారి. చెరువులూ బాడవలూ గట్టిపడి, ఎండాకాలం కాలు పెట్టలేని చోటల్లా రోడ్డవుతుంది. ఫిబ్రవరి సగానికి పగలు కూడా ఏడెనిమిది గంటలు ఉంటుంది. డిసెంబరులో అయితే అది నామమాత్రం.

ఇక చలి. లంబసింగిలో సున్నా దగ్గరికొచ్చిందంటే మనం కార్లు వేసుకుని చూడ్డానికి వెళ్తాం. ఇక్కడ మైనస్ 20 మామూలు, మైనస్ 40 దాకా దిగినా విడ్డూరం కాదు. గైడు మొదటి రోజు చేసే పని, వచ్చినాయన తుపాకీ విప్పించి అందులో నూనె తుడిపించడం. ఆ చలికి నూనె చిక్కబడి లోపలి ముక్కలు కదలవు. ట్రిగ్గరు నొక్కినా తూటా పేలదు. గొట్టం మూతికి ఒక టేపు ముక్క అంటిస్తాడు, మంచు దూరకుండా. రాత్రి అందరూ గుడిసెలోకి వస్తారు, తుపాకీ మాత్రం బయటే. వెచ్చటి గదిలోకి తెస్తే ఇనుముకి చెమ్మ పడుతుంది, పొద్దున్న బయటికి తీయగానే ఆ చెమ్మ గడ్డకట్టి మొత్తం బిగుసుకుపోతుంది. వేల రూపాయల తుపాకీ, లక్షల తుపాకీ అని ఏమీ లేదు, అన్నీ గుమ్మం బయటే పడుకోవాలి.

కస్తూరి ఎద్దు ఒక్కదానికే అంత దూరం రావడం ఎందుకని కొందరు చిన్న వేట కూడా కలుపుకుంటారు. టార్మిగన్ అనే పిట్ట ఉంది, మన కౌజు జాతిదే, కాస్త పెద్దది. చలికాలంలో తోక నలుపు, మగదానికి కంటి దగ్గర నల్ల గీత తప్ప ఒళ్ళంతా తెలుపు, కాలివేళ్ళకి కూడా ఈకలే, మంచు మీద చెప్పులేసుకున్నట్టు. చెవులపిల్లి ఉంది, అదీ తెలుపే, చెవుల కొసలు మాత్రం సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటాయి. అనుమానమొస్తే వెనక కాళ్ళ మీద మనిషిలా నిలబడి చూస్తుంది. నక్క ఉంది, తెల్లనిదీ ఉంది, నీలిబూడిద రంగుదీ ఉంది. తెలుపు మీద తెలుపు వెతకాలి కదా, వచ్చినాయనకి అరగంట చూపించినా కనపడదు. గైడు జంతువుని వెతకడు. కన్ను అనే నల్ల చుక్కని వెతుకుతాడు.

రెయిన్‌డీర్ కథ వేరు. దాని కొమ్ముల కోసం ఆశపడి చలికాలంలో వచ్చినవాడు పప్పులో కాలేసినట్టే. ఎదకాలం అయిపోగానే పెద్ద పోతులు కొమ్ములు రాల్చేస్తాయి. నిండు చలిలో కొమ్ములతో తిరిగేవి ఎక్కువగా చూలు పెంటులు. మంచు తవ్వి మేత తీసుకున్న చోటు కాపాడుకోడానికి వాటికే అవసరం మరి. ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను: ఎండాకాలంలో బంగారు రంగులో మెరిసే ఆ జంతువు కంటి లోపలి పొర, చలికాలం చీకటికి నీలం రంగుకి మారుతుందని 2013లో శాస్త్రజ్ఞులు తేల్చారు. వేటకి దీనితో ఏ పనీ లేదు, నాకు నచ్చి చెప్పాను.

తెల్ల ఎలుగుబంటి సంగతి చాలామంది అడుగుతారు. గ్రీన్‌లాండ్‌లో బయటివాళ్ళకి దాన్ని కొట్టే హక్కు లేదు, వేటే బతుకుగా ఉన్న స్థానికులకే ఉంది. ఆ దేశపు మాటలో వాళ్ళు పినియార్తోక్‌లు. కెనడా ఒక్కటే బయటివాళ్ళని రానిస్తుంది. అదీ ఊరికి ఇచ్చిన కోటాలోంచే, ఇన్యుయిట్ గైడుతోనే, కుక్కలు లాగే బండి మీదే. మోటారు బండి మీద ఎలుగుబంటిని తరమడానికి వీల్లేదు. 2008లో అమెరికా ఆ చర్మాలు తమ దేశంలోకి రాకూడదని ఆపేశాక, గిరాకీలో పెద్ద భాగం ఒక్కసారిగా పోయింది. చర్మం గోడకి చేరనప్పుడు అంత చలి ఎందుకు పడాలనుకున్నారు కాబోలు.

మళ్ళీ మన గడ్డాలాయన దగ్గరికి వద్దాం. దీని స్వభావం తెలియకపోతే ఈ వేట అర్థం కాదు. ప్రమాదం వస్తే లేడి పరిగెడుతుంది, పంది ఎదురు తిరుగుతుంది. ఇది నిలబడుతుంది. మందంతా ఒక్కచోట చేరి, పెద్దవి తలలు బయటికీ తోకలు లోపలికీ పెట్టి గుండ్రంగా నిలబడతాయి. దూడలు నడుమ దాక్కుంటాయి. తోడేలు ఏ పక్కనుంచి వచ్చినా కొమ్ములే ఎదురవుతాయి. వేల ఏళ్ళు పనిచేసిన ఎత్తు ఇది. తుపాకీ ముందు అదే కొంప ముంచింది. పంతొమ్మిదో శతాబ్దం చివర, అమెరికాలో అడవిదున్నల తోళ్ళు అయిపోయాక, గుర్రబ్బండ్లలో ఒళ్ళో కప్పుకోడానికి వీటి తోళ్ళ మీద పడ్డారు. నిలబడ్డ మందని నిలబడ్డట్టే కూల్చేశారు. జూలకి దూడలు కావాల్సి వచ్చినా అదే పద్ధతి. చుట్టూ నిలబడ్డ పెద్దవాటినన్నిటినీ చంపితే తప్ప నడుమనున్న దూడ చేతికి రాదు. మనం టిక్కెట్టు కొని చూసే జంతువు వెనక ఇలాంటి లెక్కలు ఉన్నాయి. చివరికి 1917లో కెనడా వేట ఆపించింది.

తుపాకీకన్నా పెద్ద శత్రువు వాన. వినడానికి వింతగా ఉంటుంది. మంచు మీద వాన పడి గడ్డకడితే అద్దంలా పొర కడుతుంది. గిట్టతో తవ్వుకుని గడ్డి తినే జంతువు ఆ అద్దాన్ని పగలగొట్టలేదు. 2003 అక్టోబరులో కెనడాలోని బ్యాంక్స్ దీవిలో అలాంటి వాన ఒకటి కురిసి, సుమారు ఇరవై వేల కస్తూరి ఎద్దులు ఆకలితో చచ్చిపోయాయి. ఏ వేటగాళ్ళ గుంపు ఒక్క శీతాకాలంలో అంత పని చేయగలదు?

సరే, మంద కనపడింది. వంద గజాలు కూడా లేదు. గుండ్రంగా నిలబడి ఇటే చూస్తున్నాయి. ముక్కుల్లోంచి పొగ. ఇక్కడ కాల్చడం ఎంతసేపు అనిపిస్తుంది. గైడు కాల్చనివ్వడు. ముందు పోతు ఏదో తేలాలి. పోతుకి రెండు కొమ్ముల మొదళ్ళూ నుదుటి మీద దాదాపు కలిసిపోయి రాతి పలకలా ఉంటాయి. పెంటికి నడుమ బొచ్చు ఉంటుంది. ఆ తేడా చూడాలంటే మొహం మీద పేరుకున్న మంచు రాలాలి, అది తల విదిలించాలి. విదిలించేదాకా ఆగాలి. పోతు తేలింది. ఇప్పుడు దాని వెనక ఇంకోటి నిలబడి ఉంది. తూటా దీని ఒంట్లోంచి దూసుకెళ్ళి దానికి తగులుతుంది. ఆగాలి. అది పక్కకి జరిగింది, కానీ దూడ ఒకటి అడ్డమొచ్చింది. ఆగాలి. మంచు మీద బోర్లా పడుకున్నవాడి మోచేతులు మొద్దుబారిపోతాయి. ఊపిరి వదిలితే బైనాక్యులర్ అద్దం మీద మంచు పూత, కాబట్టి ఊపిరి కూడా పక్కకి తిప్పి వదలాలి.

చివరికి పోతు పక్కకి తిరిగింది. ఎక్కడ కొట్టాలి? పైన మూపురం ఎత్తు, కింద వేలాడే బొచ్చు. చూసే కంటికి ఒంటి నడుమ ఎక్కడుందో తెలీదు. కొత్తవాడు పైన కొడతాడు. గైడు చెవి దగ్గర నోరు పెట్టి, ముందు కాలు వెంట ఎంత కిందకి దిగాలో చెప్తాడు. అప్పుడు పేలుతుంది. ఒక్క క్షణం పని.

అసలు పని ఆ తర్వాతే. మూడు వందల కిలోలు దాటిన జంతువు. గడ్డకట్టక ముందే చర్మం ఒలవాలి, లేదంటే రాయిని ఒలిచినట్టే. గైడు చేతి తొడుగులు తీసేస్తాడు, తొడుగులతో కత్తి ఆడదు. వేళ్ళు పనిచేయడం మానేసినప్పుడు రెండు చేతులూ జంతువు పొట్టలోకి పెట్టి కాచుకుంటాడు. ఆ మంచు మైదానం మొత్తం మీద వెచ్చగా ఉన్న చోటు అదొక్కటే. పొగలు కక్కుతున్న మాంసం ముక్కలు మంచు మీద పరిస్తే సాయంత్రానికి రంపంతో కోయాల్సినంత గట్టిపడతాయి. తలా తోలూ వచ్చినాయనవి. మాంసం ఊరిది. ఊళ్ళో ఇంటి ఆడవాళ్ళ దగ్గర ఉలు అనే కత్తి ఉంటుంది, అర్ధచంద్రంలా, పైన పిడి. మన కత్తిపీటకి పీట పీకేసి చేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది. దాంతో ముక్కలు చేసి, ఉల్లిపాయా బియ్యమూ వేసి సువాసాత్ అనే చారు కాస్తారు. మంచులో బియ్యం ఏమిటంటారా? ఓడలో వస్తుంది. ఫియోర్డ్ గడ్డకట్టిన నెలల్లో ఆ ఓడ కూడా రాదు. కాబట్టి డబ్బిచ్చి జంతువు తల కొనుక్కోవడం నాకు నచ్చకపోయినా, ఆ చారు తాగే ఇంటి ముందు నిలబడి నా ఇష్టాయిష్టాలు చెప్పే ధైర్యం నాకు లేదు.

మన పల్లెల్లో వేట కోస్తే పోగులు వేస్తారు చూశారా, కండా ఎముకా కొవ్వూ అన్నీ సమంగా పడేలా? అక్కడా మంచు మీద అలాంటి పనే జరుగుతుంది. గైడు కత్తి తుడుచుకుంటూ ఏ ముక్క ఏ ఇంటికో మనసులో లెక్కేసుకుంటుంటాడు. వచ్చినాయన ఆ సమయంలో పోతు తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో కోసం సర్దుకుంటాడు. ఫోను చలికి ఠక్కున ఆరిపోతుంది. గైడు అలవాటుగా తన చొక్కా లోపల, ఒంటికి ఆనించి దాచుకున్న ఫోను తీసి, నెత్తుటి చేత్తోనే ఫొటో తీసి, మళ్ళీ లోపల పెట్టుకుని, రెండో తొడ కోయడం మొదలుపెడతాడు.

సెలవు. నమస్కారం.