ఆస్పత్రిలో లాయరుకేం పని?

[తెర మీద: ఇన్‌హేలర్ పీలుస్తున్న పిల్లాడు. వెనక గోడంతా నల్లటి బూజు.]

ఆస్తమా ఉన్న పిల్లాణ్ణి ఎమర్జెన్సీకి తీసుకొస్తారు. నెబ్యులైజర్ పెడితే ఆయాసం తగ్గుతుంది, ఇంటికి పంపేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఆయాసం. మందులో లోపం లేదు. లోపమంతా ఇంట్లోనే: చెమ్మ, బూజు, బొద్దింకలు.

అమెరికాలో బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో పిల్లల డాక్టరు బ్యారీ జుకర్‌మన్ ఇలాంటి కేసులు చూసి చూసి, 1993లో ఏకంగా ఒక లాయరునే పెట్టుకున్నారు.

[తెర మీద: డాక్టరు గది పక్కనే లాయరు బల్ల]

నిజానికి చట్టం అప్పటికే ఉంది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో అద్దె ఇంటిని చెమ్మ, పురుగు లేకుండా ఉంచడం ఓనరు బాధ్యత. చలికాలంలో పగటిపూట కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. కానీ అద్దెకున్నవాళ్లు గట్టిగా అడగలేరు. ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతారు? అదే మాట లాయరు ఉత్తరంగా వెళ్తే ఓనరు తీరు వేరేగా ఉంటుంది. కరెంటు కట్ చేస్తామన్నా, ప్రభుత్వ సాయం ఆపేసినా ఈ లాయర్లే చూస్తారు. తర్వాత అమెరికాలో వందల ఆస్పత్రులు, క్లినిక్‌లు ఇదే దారి పట్టాయి.

[తెర మీద: కూరగాయల సంచి]

ఆ ఆస్పత్రే ఇప్పుడు బోస్టన్ మెడికల్ సెంటర్. షుగర్ పేషెంటుకు "కూరగాయలు బాగా తినండి" అని చెప్పడం తేలికే. కొనడానికి డబ్బుల్లేకపోతే? 2001 నుంచి ఇక్కడ డాక్టరు చీటీ రాస్తే ఆస్పత్రిలోనే సరుకులిస్తారు, నెలకు రెండుసార్లు. వాటితో ఏం వండుకోవాలో కూడా నేర్పిస్తారు. 2017 నుంచి భవనం డాబా మీదే ఆకుకూరలు పండిస్తున్నారు.

[తెర మీద: అపార్ట్‌మెంట్లు]

అదే ఏడాది ఈ ఆస్పత్రి పేదల ఇళ్ల కోసం 65 లక్షల డాలర్లు ప్రకటించింది. ఇదంతా దానమేమీ కాదు లెండి. పెద్ద నిర్మాణాలు చేపట్టే ఆస్పత్రులు ఖర్చులో కొంత స్థానికుల ఆరోగ్యానికి పెట్టాలని ఆ రాష్ట్రంలో రూలుంది. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు పన్ను మినహాయింపులూ ఉన్నాయి. అందుకు బదులుగా, మూడేళ్లకోసారి చుట్టుపక్కలవాళ్ల ఆరోగ్య అవసరాలేంటో తేల్చాలని 2010 నాటి అమెరికా కేంద్ర చట్టం చెబుతోంది.

"తిండి సరిపోతోందా? అద్దె కట్టగలుగుతున్నారా?" ఇప్పుడు చాలా ఆస్పత్రుల ఫారాల్లో ఈ ప్రశ్నలుంటున్నాయి. "లేదు" అన్నవాళ్లను ఎవరి దగ్గరికి పంపాలో తేల్చుకోకుండా అడగడం నాకైతే నచ్చదు. బోస్టన్‌లో పంపడానికి లాయరున్నారు, సరుకులున్నాయి. అద్దెలు తగ్గించడం మాత్రం ఆస్పత్రి వల్ల కాదు. ఆ ఊరి అద్దెలకు 65 లక్షల డాలర్లు ఏ మూలకీ రావు.