ఆటలో తెలుగు విరగకూడదంటే: గోడో 3 నుంచి గోడో 4కి

[తెర మీద: పక్కపక్కన రెండు కిటికీలు. ఎడమ వైపు గోడో 3, కుడి వైపు గోడో 4. రెండింట్లోనూ ఒకే లేబుల్, ఒకే ఫాంటు.]

ఎడమ పక్క చూడండి. టైపు చేసింది "ఎద్దు" అని. తెర మీద కనబడేది "ఎద్‌దు". కుడి పక్క అదే మాటలో ద కింద వత్తు పొందిగ్గా కూర్చుంది. ఒంగోలు గిత్తల మీద ఆట చేస్తా, ఎద్దు అన్న మాటే సరిగ్గా చూపించలేకపోతే ఎట్టా?

అందరికీ నమస్కారం. గోడో అంటే ఆటలు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్. గోడో 3లో చేసుకున్న ఆటను గోడో 4లోకి ఎట్టా తెచ్చుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఉదాహరణకి బండలాగుడు ఆట తీసుకున్నా. మన ప్రకాశం జిల్లాలో తిరునాళ్లకీ పండగలకీ పెట్టే పందెమే: ఒక జత ఎడ్లు, ఒక రాతిబండ, ఇచ్చిన టైములో ఎంత దూరం లాగాయన్నది లెక్క. మొదటి మెనూలో ఎడ్ల పళ్లని బట్టి చేసిన విభాగాల పేర్లుంటాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. అన్నింట్లోనూ ళ కింద ల వత్తు ఉంది. గోడో 3లో అన్నీ విరుగుతాయి.

[తెర మీద: "ద్దు" అక్షరం నాలుగు ముక్కలుగా విడిపోతుంది: ద, పొల్లు, ద, కొమ్ము.]

ఎందుకు విరుగుతాయంటే, కంప్యూటర్ లోపల "ద్దు" ఒక్క అక్షరం కాదు. ద, పొల్లు, ఇంకో ద, కొమ్ము, ఇట్టా నాలుగు సంకేతాలు. వాటిని కలిపి ఒకే రూపం చేసే నియమాలు ఫాంటులోనే రాసుంటాయి. గోడో 3 ఆ నియమాలు చదవదు. వచ్చిన సంకేతాన్ని వచ్చినట్టే వరసగా గీసుకుంటా పోతుంది. ఇంగ్లీషుకి అది సరిపోద్ది. తెలుగు, తమిళం, హిందీలకి సరిపోదు. గోడో 4లో అక్షరాలు గీసే భాగాన్ని మొత్తం కొత్తగా రాసి, ఆ నియమాలు చదివే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని లోపల పెట్టారు. ఆండ్రాయిడ్‌లోనూ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ తెలుగు సరిగ్గా కనబడేది ఆ లైబ్రరీ వల్లే.

ఇన్నాళ్లూ తెలుగు కావాలంటే ప్రతి మాటనీ బొమ్మగా గీసి అతికించుకోవాల్సి వచ్చేది. "పందెం మొదలు" అన్న బొమ్మ ఒకటి, "గెలుపు" అన్న బొమ్మ ఇంకొకటి. ఆడేవాళ్లు తమ ఎడ్లకి తామే పేరు పెట్టుకునే వీలు మాత్రం ఉండదు. ఏ పేరు పెడతారో ముందే తెలిస్తే కదా బొమ్మ గీసుకునేది! బండలాగుడు ఆటలో ఎడ్లకి పేర్లు లేకపోతే అందులో సగం ప్రాణం లేనట్టే. తెలుగులో ఆట చేసేవాళ్లు మారాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మిగతా కొత్త సదుపాయాలన్నీ దీని తర్వాతే.

కొంచెం చరిత్ర. గోడో పుట్టింది అర్జెంటీనాలో. హువాన్ లినియెట్‌స్కీ, ఏరియెల్ మన్సూర్ కలిసి తయారు చేసి, 2014లో అందరికీ ఉచితంగా వదిలారు. 3.0 వచ్చింది 2018 జనవరిలో, 4.0 వచ్చింది 2023 మార్చి 1న. ఆ పక్క దేశం బ్రెజిల్‌లో ఇప్పుడు కోట్ల కొద్దీ ఉన్న నెలోర్ జాతి పశువులు మన ఒంగోలు జాతి నుంచి పుట్టినవే, పేరు మన నెల్లూరుది. ఆ ఖండం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో ఇక్కడ కూర్చుని మళ్లీ ఒంగోలు ఎద్దు బొమ్మ చేసుకోవడం నాకెంతో ఇష్టంగా ఉంటుంది.

మరి అందరూ మారాలా? అక్కర్లేదు. ఆట దాదాపు అయిపోయి, రేపోమాపో విడుదల చేసేదుంటే, అందులో తెలుగు అక్షరాలు పెద్దగా లేకుంటే, 3లోనే ముగించండి. ఆ వరసనీ వదిలెయ్యలేదు, 2024 సెప్టెంబరులో 3.6 వచ్చింది. ఆట కోడుని సీ షార్ప్‌లో రాసి బ్రౌజర్‌లో ఆడించాలనుకునేవాళ్లూ ఆగాలి, గోడో 4లో ఆ దారి లేదు. ఇక పాత కంప్యూటర్ల సంగతి. గోడో 4 మామూలుగా వల్కన్ అడుగుతుంది, అంటే గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మలు గీయించే కొత్త పద్ధతి. కాలేజీ ల్యాబుల్లో ఉండే పాత మిషన్లకి అది లేకపోవచ్చు. అప్పుడు ఎడిటర్‌లో కుడి వైపు పై మూలన రెండరర్, అంటే బొమ్మలు గీసే భాగం పేరు కనబడుతుంది, దాన్ని కంపాటిబిలిటీకి మార్చండి. దానికి పాత పద్ధతైన ఓపెన్‌జీఎల్ 3.3 ఉంటే చాలు. టూడీ ఆటకి, మామూలు ఫోన్లకి కూడా నేను అదే పెట్టమంటా.

[తెర మీద: ఫోల్డరు కాపీ అవుతోంది. కొత్త ఫోల్డరు పేరు: బండలాగుడు 4.]

ఇప్పుడు పని. ముందు ఫోల్డరు మొత్తం కాపీ తీసి పక్కన పెట్టుకోండి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. ఒకసారి మార్చిన ప్రాజెక్టు మళ్లీ గోడో 3లో తెరుచుకోదు. గోడోని ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, ఒక్క ఫైలే కాబట్టి రెండు వెర్షన్లూ ఒకే మిషన్లో హాయిగా ఉంటాయి. పాతది తీసెయ్యకండి, పక్కన తెరిచి పోల్చుకోడానికి కావాలి.

కాపీని గోడో 4 ప్రాజెక్ట్ మేనేజర్‌లో తెరవబోతే, ఇది పాత వెర్షన్‌ది, మొత్తం మార్చమంటారా అని అడుగుద్ది. మార్చమనండి. పేర్లు చాలావరకు అదే మార్చేస్తుంది. స్ప్రైట్ కాస్తా స్ప్రైట్ టూడీ అవుతుంది, కినెమాటిక్ బాడీ టూడీ పోయి క్యారెక్టర్ బాడీ టూడీ వస్తుంది, స్పేషియల్ బదులు నోడ్ త్రీడీ. ఎక్స్‌పోర్ట్, ఆన్‌రెడీ మాటల ముందు ఎట్ గుర్తు చేరుతుంది. అంతటితో పని అయిపోదు. తెరవగానే కింద ఎర్ర అక్షరాలు బారులు తీరతాయి. భయపడకండి. ఎర్రగా కనబడే తప్పులు మంచివి, ఎక్కడున్నాయో అవే చెప్తాయి.

[తెర మీద: ఎడ్ల జతను నడిపే స్క్రిప్టు. పాత వరుస ఎర్రగా, కొత్త వరుస పచ్చగా.]

ఎడ్లని నడిపే స్క్రిప్టు చూద్దాం. గోడో 3లో వెలాసిటీ అనే వేరియబుల్ మనమే పైన రాసుకునేవాళ్లం. దాన్ని మూవ్ అండ్ స్లైడ్‌కి ఇచ్చి, తిరిగొచ్చిన విలువని మళ్లీ వెలాసిటీలోనే పెట్టుకునేవాళ్లం. గోడో 4లో వెలాసిటీ క్యారెక్టర్ బాడీలోనే పుట్టుకతో ఉంది. మనం మళ్లీ ప్రకటిస్తే ఒప్పుకోదు. కాబట్టి పైన మనం రాసుకున్న ఆ వరుస తీసెయ్యండి. వేగం ఎంతో వెలాసిటీలో పెట్టి, మూవ్ అండ్ స్లైడ్‌ని బ్రాకెట్లలో ఏమీ లేకుండా ఊరికే పిలవండి.

తర్వాత, ఈల ఊదాక ఒక సెకను ఆగి బండ కదలాలి. పాత పద్ధతిలో యీల్డ్ రాసి, లోపల టైమరు, కామా, కోట్స్‌లో టైమౌట్ అని రాసేవాళ్లం. ఇప్పుడు అవెయిట్ అని రాసి, టైమరు తర్వాత చుక్క పెట్టి టైమౌట్. సిగ్నల్ కలిపేదీ ఇంతే. బటన్ దగ్గర ప్రెస్డ్ చుక్క కనెక్ట్ అని రాసి, బ్రాకెట్లో మన ఫంక్షన్ పేరు కోట్స్ లేకుండా ఇస్తే చాలు. పాత పద్ధతిలో పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే, ఆట నడిచేటప్పుడు గానీ బయటపడేది కాదు. ఇప్పుడు రాసేటప్పుడే పట్టుకుంటుంది.

అసలు కష్టం ఎర్రగా కనబడని వాటితో. ఆట నడుస్తుంది, తప్పేమీ చూపించదు, కానీ ఏదో తేడాగా ఉంటుంది.

[తెర మీద: పాత ఆటలో ఎడ్లు తెర నిండా, కొత్త ఆటలో దూరాన చిన్నగా.]

మొదటిది కెమెరా. గోడో 3లో జూమ్ 0.5 పెడితే ఎడ్లు దగ్గరికొచ్చి పెద్దగా కనబడేవి. గోడో 4లో ఆ లెక్క తిరగబడింది. అదే 0.5 పెడితే చిన్నగా దూరం పోతాయి, దగ్గరికి రావాలంటే 2 పెట్టాలి. రెండోది, ఎడ్లు కదులుతున్నా కాళ్లు ఆడకపోవడం. యానిమేటెడ్ స్ప్రైట్‌లో ప్లేయింగ్ అనే టిక్కు ఉండేది కదా, ఇప్పుడది లేదు. స్క్రిప్టులో ప్లే అని పిలవండి, లేదా యానిమేషన్ల ప్యానెల్‌లో ఆటోప్లే నొక్కండి. మూడోది, ఏది దేన్ని తాకుతుందో చెప్పే కొలిజన్ లేయర్ల అంకెలు. స్క్రిప్టులో బిట్ పేరుతో 0 నుంచి లెక్కపెట్టేవాళ్లం. కొత్త ఫంక్షన్ వాల్యూ పేరుతో 1 నుంచి లెక్కపెడుతుంది. పేరొక్కటే మార్చి అంకె మార్చకపోతే బండ గీత దాటినా దూరం లెక్క పడదు.

ఇక ఫాంటు, మనం మారిందే దీని కోసం. గోడో 3లో అక్షరాల సైజు ఫాంటులోనే ఉండేది. 4లో సైజు లేబుల్ దగ్గర విడిగా పెట్టుకోవాలి, అందుకే మార్చగానే అక్షరాలన్నీ వేరే సైజులో కనబడితే కంగారు పడొద్దు. దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. గోడో 4 తనతో తెచ్చే ఫాంటులో తెలుగు లేదు. అయినా మీ కంప్యూటర్లో తెలుగు కనబడుతుంది, ఎందుకంటే సిస్టమ్‌లో ఉన్న తెలుగు ఫాంటుని అదే వెతికి తెచ్చుకుంటుంది. అది చూసి పని అయిపోయిందనుకుంటే, బ్రౌజర్‌లో పెట్టాక అన్నీ ఖాళీ డబ్బాలే కనబడతాయి. అక్కడ సిస్టమ్ ఫాంట్లు దానికి అందవు. కాబట్టి నోటో శాన్స్ తెలుగు గానీ, మండలి గానీ, రామభద్ర గానీ ప్రాజెక్టులోనే పెట్టి, థీమ్‌లో కలపండి. మూడూ ఉచితంగా వాడుకోగలిగినవే. బండ లాగిన దూరం చూపించే పెద్ద అక్షరాలకి రామభద్ర చాలా బాగుంటుంది, ఒకసారి పెట్టి చూడండి.

బ్రౌజర్ మాట వచ్చింది కాబట్టి, 4.3 గానీ ఆ తర్వాతది గానీ తీసుకోండి. అంతకు ముందు వెర్షన్లలో వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఆట పెట్టే సర్వర్‌లో ప్రత్యేకమైన సెట్టింగులు కావాల్సి వచ్చేది. 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసే వీలుంది, మామూలు సైట్లో పెట్టి లింకు వాట్సాప్‌లో పంపుకోవచ్చు. అదే 4.3లో టైల్ మ్యాప్ బదులు టైల్ మ్యాప్ లేయర్ వచ్చింది. పందెం బరిని టైల్స్‌తో గీసుకున్నవాళ్లు కొత్తదానికి మార్చుకోండి.

కోడులో చేసిన మార్పుల్ని దాచిపెట్టే గిట్ వాడేవాళ్లకి ఒక మాట. చుక్క గోడో అనే ఫోల్డరు గిట్‌లో పెట్టక్కర్లేదు, పోయినా మళ్లీ పుడుతుంది. 4.4 నుంచి ప్రతి స్క్రిప్టు పక్కన చుక్క యూఐడీ అని చిన్న ఫైలు వస్తుంది. అది మాత్రం స్క్రిప్టుతో పాటు గిట్‌లో ఉండాలి. చెత్త ఫైలనుకుని తీసెయ్యకండి.

[తెర మీద: ఎక్స్‌పోర్ట్ కిటికీ, కింద ఎర్రగా హెచ్చరిక.]

ఫోన్‌కి ఎక్స్‌పోర్ట్ చెయ్యబోతే ఈ హెచ్చరిక వస్తుంది. గోడో 3 కోసం దించుకున్న ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు ఇక్కడ పనికిరావు, మీ ఎడిటర్ ఏ వెర్షనో సరిగ్గా ఆ వెర్షన్‌వే కావాలి. ఎడిటర్ మెనూలోకి వెళ్లి, మేనేజ్ ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్స్ నొక్కి దించుకోండి. ఫైలు పెద్దదే, వైఫై ఉన్నచోట పెట్టుకోండి.