దూది కుక్కిన డబ్బా

శ్రోతలకు నమస్కారం.

ఏఆర్‌టీ సెంటర్‌లో ఉచితంగా ఇచ్చే హెచ్‌ఐవీ మందు తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. 30 మాత్రలు, రోజుకు ఒకటి. నేను కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో ఒకామె ఆ డబ్బా చేతికి రాగానే లేబుల్‌ని గోటితో గీకేసింది. తర్వాత సంచిలోంచి దూది తీసి లోపల కుక్కింది. ఎందుకమ్మా అంటే, "బస్సులో గలగలమంటే ఏం మందులని అడుగుతారు మేడమ్" అంది. వాళ్ల ఊరికి దగ్గర్లోనే సెంటర్ ఉంది. అక్కడ తెలిసినవాళ్లు కనపడతారని రెండు బస్సులు మారి మా దగ్గరికి వచ్చేది. వచ్చిన రోజల్లా కూలి పోయినట్టే.

ఒకసారి ఆమె వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉన్న వైరస్ లెక్క, బాగా పెరిగింది. తరచి అడిగితే చెప్పింది. తోడికోడలి కూతురి పెళ్లికి ఇంటినిండా చుట్టాలు, రాత్రిళ్లు అందరూ పక్కపక్కనే పడకలు. బీరువాలో చీరల కింద దాచిన డబ్బా తీయడానికి వీల్లేకపోయింది. పండగలకూ అంతే, ఊళ్లకు వెళ్లినప్పుడూ అంతే. ఎన్ని మాత్రలు పోయాయో తనకే లెక్క లేదు.

ఈ మందు వైరస్‌ని ఒంట్లోంచి పూర్తిగా తుడిచెయ్యదు, పెరగకుండా ఆపుతుంది. మధ్యమధ్య మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఆ మందుకు లొంగకుండా కూడా తయారవుతుంది. రోజూ వేసుకుంటే మాత్రం పరీక్షకు కూడా దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలకడగా ఉన్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. యూరప్‌లో 14 దేశాల్లో, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి రెండోవారికి లేని 888 జంటలను గమనించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. కండోమ్ లేకుండా దాదాపు 58 వేల సార్లు కలిసినా, మందు వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. ఈ మాట చెప్పినప్పుడు మా గదిలో కూర్చున్న భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మన ఊళ్లలో ఇంకా ఎంతమందికి ఇది తెలియదో తలుచుకుంటే బాధేస్తుంది. వైరల్ లోడ్ తగ్గిందని పరీక్షలో తేలేదాకా మాత్రం కండోమ్ తప్పనిసరి. మిగతా సుఖవ్యాధుల నుంచి కాపాడేదీ అదే.

గర్భిణులు మొదటి చెకప్‌లోనే పరీక్ష చేయించుకోవాలి. పాజిటివ్ వచ్చినా తల్లి రోజూ మందు వేసుకుని, పుట్టిన బిడ్డకు డాక్టర్ చెప్పినన్ని వారాలు సిరప్ పట్టిస్తే బిడ్డకు సోకే అవకాశం చాలా చాలా తక్కువ. ఏడాదిన్నరకు చేసే ఆఖరి పరీక్షలో నెగెటివ్ అని చెప్పగానే, బిడ్డను గుండెకు హత్తుకుని అక్కడే నేలమీద కూలబడి ఏడ్చిన తల్లులను చూశాను.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, టీచర్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా వింటుంటే మీకు ఒక మాట. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడం, ఉద్యోగంలోంచి తీసెయ్యడం, బడి మాన్పించడం, ఇల్లు ఖాళీ చేయించడం నేరుగా ఆ చట్టాన్ని కాదనడమే. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం పక్కవాళ్ల చెవిన వెయ్యకూడదు.

కండోమ్ చిరిగిందనో, వాడిన సూది గుచ్చుకుందనో అనుమానం వస్తే ఆలోచిస్తూ కూర్చోకండి. 72 గంటలలోపే, వీలైతే ఆ పూటే, ఆసుపత్రికి వెళ్లండి. 28 రోజులు వాడే నివారణ మందు ఉంది.

ఆ రెండు బస్సుల అమ్మ చివరికి తోడికోడలికి చెప్పుకుంది. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రాత్రి తనే డబ్బా, నీళ్ల గ్లాసు తెచ్చి, "టైమైంది, వేసుకో అక్కా" అందట. ఇప్పుడా డబ్బా వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఉంటోందని చెప్పింది. దూది తీసేసిందట.

మీకేమైనా సందేహం ఉంటే 1097కి ఫోన్ చేయండి. టోల్ ఫ్రీ నంబరు, ఖర్చేమీ ఉండదు. సెలవు.