జరిమానా డబ్బు పిట్టలకేనా?

(గుంటూరులో వన్యప్రాణి వారోత్సవాల సభలో ఒక విశ్రాంత అటవీ అధికారి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు యాంకరమ్మ ఇప్పటికే రెండుసార్లు చదివింది, నేను మళ్ళీ చదవను. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో సగం శాలువాలకే పోయింది. ‘మన పక్షులు’ అని మాట్లాడమన్నారు. పక్షుల సంగతి ఉప్పలపాడు చెరువుగట్టు మీద నిలబడితే నాకంటే ఆ గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలే బాగా చెప్తాయి. నేను డబ్బుల గురించి మాట్లాడతాను.

నా సర్వీసు చాలావరకు మాచర్ల వైపు గడిచింది. అక్కడ కౌజుపిట్టల్ని ఎలా పడతారో పల్లెటూరి పిల్లలకు తెలిసే ఉంటుంది. ఇంట్లో పెంచిన కౌజుని బుట్టలో పెట్టుకుని తెల్లవారకముందే చేలగట్ల మీదికి వెళ్తారు. బుట్ట చుట్టూ సన్నటి ఉచ్చులు పాతి, దూరంగా పొద చాటున కూర్చుంటారు. లోపలి కౌజు కూత పెడుతుంది. నా చేలోకి ఇంకొకడెవడొచ్చాడ్రా అని అడవి కౌజు మెడ నిక్కించి పోట్లాటకొస్తుంది. కాలు పడిందా, అంతే.

అలా ఒక కుర్రాడు దొరికాడు. గుడ్డసంచిలో కౌజులు, కాళ్ళకి పురికొస. వాళ్ళ నాన్న పరిగెత్తుకొచ్చి, ఎక్కడో చేబదులు తెచ్చి కాంపౌండింగ్ ఫీజు, అంటే కేసు కోర్టుకి పోకుండా రాజీకి కట్టే డబ్బు, కట్టాడు. రసీదు రాస్తుంటే కుర్రాడు అడిగాడు: “సార్, ఈ డబ్బు పిట్టలకేనా?”

“నోర్ముయ్‌రా” అన్నాడు తండ్రి.

ఎందుకు ముయ్యాలండీ? సరైన ప్రశ్నే కదా! ఆ డబ్బు చలానా మీద ట్రెజరీకి వెళ్ళింది, సర్కారు రాబడంతా పడే రాష్ట్ర సంచిత నిధిలో కలిసింది. ఆ తర్వాత రోడ్డుకి పోయిందో, ఎవరి కారు డీజిలుకి పోయిందో ఎవరు చెప్పగలరు? అడవిలో మకాం వేసి కాపలా కాసే మా బేస్ క్యాంపు వాచర్లకు మాత్రం ఆ నెల కూడా జీతాలు రాలేదు. వాళ్ళలో చెంచు కుర్రాళ్ళే ఎక్కువ. నీళ్ళ క్యాన్లు భుజాన మోసుకుని గుట్టలెక్కేవాళ్ళు. కిరాణా కొట్టువాడు ఖాతా ఆపేస్తే నా దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళు. అడిగేవాళ్ళు కాదు, ఊరికే నిలబడేవాళ్ళు. ఇది పక్షుల సభ, అయినా ఇది చెప్పకుండా నేను దిగను.

ఇప్పుడు అమెరికా సంగతి వినండి. 1937లో అక్కడ పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకులు, తూటాల మీద వేసే పన్ను వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచుతారు. పొడవు తుపాకుల మీద 11 శాతం, పిస్తోళ్ళ మీద 10 శాతం. రాష్ట్రం ఎంత పెద్దది, అక్కడ వేట లైసెన్సులు ఎన్నున్నాయి అన్నదాన్ని బట్టి వాటా. నాకు నచ్చింది పన్ను కాదు, అందులోని తాళం. వేట లైసెన్సు రుసుమును రాష్ట్రం వన్యప్రాణి శాఖకు కాకుండా ఇంకో పనికి మళ్ళిస్తే కేంద్రం వాటా ఆగిపోతుంది.

వేట మళ్ళీ తెరవమంటున్నానని రేపు రాయకండి బాబూ. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ మొదట వేట లైసెన్సులుండేవి. 1991 సవరణతో తీసేశారు, మంచి పని చేశారు. నేనడిగేది ఆ తాళం ఒక్కటే. పులికి ఆ ఏర్పాటు మనకీ ఉంది. 2006 సవరణ పుణ్యమా అని పులుల అభయారణ్యానికి ఒక ఫౌండేషన్ పెట్టి, టికెట్ల డబ్బు అక్కడే ఖర్చుపెట్టుకోవచ్చు. పులికి ఉన్న బొక్కసం కౌజుకెందుకు లేదు?

మనకి వేటగాళ్ళు లేకపోతే ఏం, కెమెరాల వాళ్ళున్నారు. ముందు వరసలోనే కనపడుతున్నారు, ఆ లెన్సుల ధర నాకు తెలుసు! అమెరికాలో 1934 నుంచి డక్ స్టాంప్ అని సర్కారు అమ్మే బాతుల స్టాంపు ఉంది. బాతుల్ని వేటాడే పెద్దవాళ్ళు కొనితీరాలి, ఇష్టమైతే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇప్పుడు 25 డాలర్లు. ప్రతి డాలర్లో 98 సెంట్లు చిత్తడి నేలలకే. కొల్లేరుకి అలాంటి స్టాంపు పెడితే మీలో ఎంతమంది కొంటారు? చేతులెత్తండి. ...పర్లేదు, కెమెరాల వాళ్ళు కూడా ఎత్తారు.

ఆ విధానంలో లోటు లేదని కాదు. వేటగాళ్ళిచ్చే డబ్బు ఎక్కువగా వాళ్ళు వేటాడే జంతువుల వైపే పోతుందని అక్కడివాళ్ళే అంటారు. కప్పకి, తొండకి ఎవరూ లైసెన్సు కొనరు కదా.

వెనక తలుపు దగ్గర టేబుల్ మీద అర్జీ కాగితం ఉంది. జరిమానాలకి, కాంపౌండింగ్ ఫీజుకి విడిగా పద్దు పెట్టి, అందులోంచి ముందు వాచర్ల జీతాలివ్వమని రాశాం. సంతకం పెట్టేవాళ్ళు ఫోన్ నంబరు రాయక్కర్లేదు, ఊరి పేరు చాలు.

అదుగో, అక్కడ తలపాగా పెద్దాయన ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు. అడవిపందులు మొక్కజొన్న తొక్కేస్తున్నాయంటారు, నాకు తెలుసు. మైకు ఆయనకివ్వండి.